ఇంట్లోనే మాయాబజారు

ఫోన్‌లో తీసిన వీడియోకు సినిమా హంగులు అద్దడానికి వేలకు వేలు పోయనక్కర్లేదు. ఏ ఎఫెక్ట్‌కు ఏ సాఫ్ట్‌వేర్ చాలు? ‘ఉచితం’ అన్న మాట వెనక షరతులేమిటి? డబ్బు పెట్టాల్సి వస్తే ముందు దేనికి పెట్టాలి?

ఉన్నట్టుండి మనిషి మాయమవడం, ఒక్కడే ఇద్దరై ఎదురెదురుగా కూర్చోవడం, డాబా మీద మంటలు లేవడం, అరచేతిలోంచి మెరుపు దూకడం... చూడ్డానికి ఇవి రకరకాల గారడీలు. తెర వెనక జరిగే పనులు మాత్రం ఐదే: ఒక దృశ్యం మీద మరో దృశ్యాన్ని కలపడం, అక్కర్లేని భాగాన్ని తీసేయడం, కదిలే వస్తువును వెంబడించడం, లేనిదాన్ని కంప్యూటర్‌లో పుట్టించడం, రంగునీ వెలుగునీ మార్చడం. ఇంట్లో వీడియోలు తీసేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాల్సింది ఈ పనులను బట్టే. ముందు పేరున్న సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టి, ఆ తర్వాత దాంతో ఏం చేయాలా అని ఆలోచిస్తే ఖర్చే మిగులుతుంది, వీడియో పూర్తవదు.

కలపడం, తీసేయడం అనే విద్యలు కంప్యూటర్ కన్నా పాతవి. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మెలియస్ 1896లోనే కెమెరాను మధ్యలో ఆపి ఒక మహిళను తెర మీద మాయం చేశాడు. తెలుగులో 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పనితనం. 1995లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘అమ్మోరు’ కంప్యూటర్ గ్రాఫిక్స్ సత్తాను తెలుగు ప్రేక్షకుడికి చూపించింది. ఆ రోజుల్లో పెద్ద స్టూడియోలకే సాధ్యమైన పనుల్లో చాలావాటిని ఇవాళ పైసా కట్టకుండా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

కట్ చేస్తే చాలు

అన్నిటికన్నా తేలికైన ఎఫెక్ట్ మనిషిని మాయం చేయడం. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి, మనిషి ఉన్నప్పుడు కొంతసేపు, పక్కకు తప్పుకున్నాక కొంతసేపు కెమెరా ఆపకుండా తీయాలి. మధ్యలో అతను నడిచి వెళ్లిన భాగాన్ని కత్తిరించి రెండు ముక్కలను అతికిస్తే మనిషి మాయమవుతాడు. ఏ ఎడిటింగ్ యాప్ అయినా ఈ పని చేస్తుంది. కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. ఫోన్ తనంతట తానే వెలుతురునూ ఫోకస్‌నూ మార్చుకోకుండా లాక్ చేయాలి. ఈ రెంటిలో ఏది తప్పినా అతుకు కనిపించిపోతుంది.

రెండోది ద్విపాత్రాభినయం. 1964లో ‘రాముడు భీముడు’ వచ్చేనాటికి ఇలాంటి సన్నివేశాలను మాస్క్ షాట్‌తో తీసేవారు. లెన్స్‌లో సగాన్ని మూసి ఒక పాత్రను తీసి, ఫిల్మ్‌ను వెనక్కి తిప్పి, రెండో సగం మీద మరో పాత్రను తీయడమే ఆ పద్ధతి. ఇప్పుడు కెమెరా కదపకుండా రెండు షాట్లు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదానికి సగం దాకా మాస్క్ గీస్తే సరిపోతుంది. ఆ గీత గోడ అంచు మీదో, తలుపు చట్రం మీదో పడేలా చూసుకుంటే అతుకు ఆనవాలు దొరకదు. రెండు వీడియో లేయర్లు, మాస్క్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇందుకు చాలు.

మూడోది మంట, మెరుపు, నిప్పురవ్వలు. వీటిని నల్లటి నేపథ్యం మీద తీసిన క్లిప్పులు విరివిగా దొరుకుతాయి. క్లిప్పును పై లేయర్‌లో పెట్టి ‘స్క్రీన్’ లేదా ‘యాడ్’ మోడ్ ఎంచుకుంటే నలుపు కనిపించకుండా పోతుంది. ఈ మోడ్‌లు కింది దృశ్యానికి పైదాని వెలుగును కలుపుతాయి. నలుపు విలువ సున్నా కాబట్టి అది కలిసినచోట ఏమీ మారదు. నల్లటి పొగకు ఈ చిట్కా పారదు. పారదర్శకత సమాచారం ఉన్న క్లిప్పు దానికి కావాలి. మంట పెట్టినంత మాత్రాన నమ్మకం కలగదు. మంట వెలుగు పక్కనున్న గోడ మీద, మనిషి ముఖం మీద నారింజ ఛాయగా ఆడాలి. షూటింగ్‌లోనే ఒక దీపాన్ని అటూ ఇటూ ఊపినా, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగానికి రంగు దిద్దినా ఆ లోటు తీరుతుంది. నిజమైన నిప్పుతో, టపాసులతో ఇంట్లో ప్రయోగాలు చేయడం కన్నా ఇది చవక, క్షేమం కూడా.

గ్రీన్‌మ్యాట్ గుట్టు

మనిషి వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి, ఆ రంగును సాఫ్ట్‌వేర్‌తో తీసేసి, ఆ చోట వేరే దృశ్యాన్ని పెట్టడాన్ని కీయింగ్ అంటారు. సినిమావాళ్ల భాషలో గ్రీన్‌మ్యాట్. ఫిల్మ్ రోజుల్లో ఈ పనికి నీలి తెర ఎక్కువగా వాడేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆకుపచ్చ ముందుకొచ్చింది. మామూలు కెమెరా సెన్సర్‌లో సగం బిందువులు ఆకుపచ్చను గ్రహించేవి, ఎరుపు, నీలం చెరో పావు వంతు. ఈ అమరికకు కోడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందాడు. ఆకుపచ్చ సమాచారం ఎక్కువగా, శుభ్రంగా అందుతుంది కాబట్టి ఆ రంగును వేరుచేయడం సులువు. మనిషి చర్మంలో ఆకుపచ్చ పాలు తక్కువ కావడం మరో కారణం. పాత్రధారి పచ్చ చీరో, పచ్చ చొక్కానో వేసుకుంటే మాత్రం అది కూడా తెరతో పాటే ఎగిరిపోతుంది. అలాంటప్పుడు నీలి గుడ్డ కట్టాలి.

కీయింగ్‌లో జుట్టు అంచులు మెట్లుమెట్లుగా తెగిపోయాయంటే చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. కారణం చాలాసార్లు ఫైల్లోనే ఉంటుంది. ఫోన్లు జాగా ఆదా చేయడానికి వెలుగు సమాచారాన్ని పూర్తిగా, రంగు సమాచారాన్ని నాలుగు బిందువులకు ఒకటి చొప్పున దాస్తాయి. 1920×1080 వీడియోలో రంగు నిజానికి 960×540 మాత్రమే. దీనికి ఖర్చులేని విరుగుడు ఉంది. 4కేలో తీసి, కీయింగ్ అయ్యాక 1080కి తగ్గించి సేవ్ చేస్తే ప్రతి బిందువుకూ దాని రంగు దానికి దక్కుతుంది. అంచులు నునుపుగా వస్తాయి.

మిగిలినదంతా వెలుతురు పని. గుడ్డకు ముడతలు ఉండకూడదు. మనిషికీ గుడ్డకూ మధ్య ఐదారు అడుగుల ఎడం ఉంటే నీడ తెర మీద పడదు, పచ్చ ఛాయ భుజాల మీదికి రాదు. గుడ్డకు ఒక లైటు, మనిషికి ఒకటి విడిగా ఉండాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక రకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెట్టకపోతే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. ఈ జాగ్రత్తలు తీసుకుంటే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా శుభ్రమైన ఫలితం వస్తుంది. తీసుకోకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా అరకొరగానే సాయపడుతుంది.

వెంబడించే పని, పుట్టించే పని

కెమెరా కదులుతున్నప్పుడు గోడ మీద లేని పోస్టర్‌ను అతికించాలన్నా, పరుగెత్తే మనిషి చేతిలో మెరుపు పెట్టాలన్నా ట్రాకింగ్ కావాలి. ఇందులో మూడు అంచెలు ఉన్నాయి. ఒక బిందువును వెంబడించడం మొదటిది. ఫోన్ తెర, గోడ, పుస్తకం అట్ట లాంటి సమతలాన్ని వెంబడించడం రెండోది. వీడియోను చూసి కెమెరా ఎటు కదిలిందో మొత్తం లెక్కగట్టడం మూడోది. మొదటి రెండూ కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లలోనే దొరుకుతాయి. మూడోదానికి 3డీ లేదా ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఏ అంచెలోనైనా సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరకాలంటే దృశ్యంలో స్పష్టమైన గుర్తులు ఉండాలి. తెల్లటి నున్నని గోడ మీద, చెదిరిన షాట్లలో ట్రాకింగ్ నిలవదు. నాలుగు మూలలా చిన్న టేపు ముక్కలు అంటించి తీసి, తర్వాత వాటిని చెరిపేయడం స్టూడియోలూ పాటించే పద్ధతి.

పొగ, నీరు, కూలే భవనం, ఎగిరే డ్రాగన్ లాంటివి పూర్తిగా కంప్యూటర్‌లో పుడతాయి. ఇక్కడ ఖర్చు డబ్బు కన్నా సమయం రూపంలో ఎక్కువ. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల షాట్‌కు 250 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము తయారవడానికి రెండు నిమిషాలు పడితే మొత్తం 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. అందుకే ఇలాంటి షాట్లను ఒకే వీడియోగా కాక విడివిడి బొమ్మల వరుసగా రెండర్ చేసుకోవాలి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తయారైన ఫ్రేములు భద్రంగా ఉంటాయి.

‘ఉచితం’లో రకాలు

సాఫ్ట్‌వేర్ ధర చూసేటప్పుడు అంకె కన్నా షరతులు ముఖ్యం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు, వాటర్‌మార్క్ పడదు, గడువు తీరదు. దాంతో చేసిన వీడియోను అమ్ముకోవచ్చు కూడా. రెండో రకంలో కంపెనీ ఒక వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చి, కొన్ని సదుపాయాలను డబ్బు కట్టినవారికి అట్టిపెడుతుంది. మూడో రకం ఉచితమే అయినా వీడియో మూలన తన ముద్ర వేస్తుంది. నాలుగోది చదువుకోవడానికి మాత్రమే ఉచితం, దాంతో చేసిన పనికి డబ్బు తీసుకోకూడదు. ఐదోది నెలవారీ చందా. ఆరోది ఒకసారి కొంటే మనదే అయ్యేది.

చందా మొదట చిన్నదిగా కనిపిస్తుంది. నెలకు 500 రూపాయలంటే ఏడాదికి 6,000, ఐదేళ్లకు 30,000. కట్టడం ఆపేస్తే పాత ప్రాజెక్టును తెరిచి మార్పులు చేసే వీలు కూడా పోవచ్చు. ‘నెలకు ఇంత’ అని చూపించే పథకాల్లో కొన్ని నిజానికి ఏడాది ఒప్పందాలు. మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. ఏడు రోజుల ఉచిత ట్రయల్ తర్వాత కార్డు నుంచి డబ్బు తానే వెళ్లిపోయే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలా పదేపదే పడే కోతకు 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా వదిలేయకూడదు.

కొన్న సాఫ్ట్‌వేర్ కూడా కలకాలం ఉంటుందన్న హామీ లేదు. సినిమా స్టూడియోలు విస్తృతంగా వాడిన ‘షేక్’ను యాపిల్ 2002లో కొని 2009లో మూసేసింది. అందుకే అసలు ఫుటేజీనీ, పూర్తయిన వీడియోనూ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని మామూలు ఫైళ్లుగా విడిగా దాచుకోవాలి.

ఫోన్‌లో ఎంతవరకు?

రీల్స్, పుట్టినరోజు వీడియోలు, నిమిషం నిడివి సరదా క్లిప్పులకు ఫోన్ యాప్ చాలు. దక్షిణ కొరియా యాప్ కైన్‌మాస్టర్‌లో లేయర్లు, క్రోమా కీ (గ్రీన్‌మ్యాట్), బ్లెండింగ్ మోడ్‌లు ఉన్నాయి. ఉచిత వెర్షన్‌లో వాటర్‌మార్క్ పడుతుంది. అక్షరాలనూ బొమ్మలనూ అడుగడుగునా కదిలించే పనికి అలైట్ మోషన్ అనువైనది. దాని ఉచిత వెర్షన్‌కూ వాటర్‌మార్క్ ఉంది. ఐఫోన్, మ్యాక్‌లతో ఉచితంగా వచ్చే ఐమూవీలో గ్రీన్‌మ్యాట్ సదుపాయం ఉంది, వాటర్‌మార్క్ లేదు. రెండు వీడియో లేయర్లకు మించి పేర్చలేకపోవడం దాని హద్దు.

విదేశాల్లోని తెలుగువారు విరివిగా వాడే క్యాప్‌కట్ టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్‌ది. భారత్‌లో అది అధికారిక యాప్ స్టోర్లలో దొరకదు. ఎక్కడినుంచో దాని ఫైలు తెచ్చి ఫోన్‌లో వేసుకోవడం భద్రత రీత్యా మంచిది కాదు. ఫోన్ యాప్‌లన్నిటికీ ఉన్న అసలు లోటు కచ్చితత్వం. వేలితో గీసిన మాస్క్ జుట్టు అంచును పట్టుకోలేదు. కీయింగ్‌లో సరిదిద్దుకునే మీటలు రెండు మూడుకు మించవు. నాలుగైదు 4కే లేయర్లు పేర్చితే చాలా ఫోన్లు వేడెక్కి మొరాయిస్తాయి.

కంప్యూటర్‌లో దొరికేవి

పాత ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి షాట్‌కట్, కెడెన్‌లైవ్ సరైన మొదటి మెట్టు. రెండూ ఓపెన్ సోర్స్, రెండూ ఎమ్‌ఎల్‌టీ అనే ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి. కీయింగ్, మాస్క్, బ్లెండింగ్, రంగు దిద్దడం, అడుగడుగునా విలువలు మార్చడం వీటిలో ఉన్నాయి. కెడెన్‌లైవ్‌లో మోషన్ ట్రాకర్ కూడా ఉంది. మాయమవడం, ద్విపాత్రాభినయం, మంట, మామూలు గ్రీన్‌మ్యాట్... ఈ నాలుగూ వీటితో తృప్తిగా అయిపోతాయి. ఓపెన్‌షాట్ ఇంకా తేలిక. మొదటిసారి ఎడిటింగ్‌కు కూర్చునే పిల్లలకు నప్పుతుంది.

కాస్త గట్టి కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిజాల్వ్‌ను మించిన బేరం లేదు. ఒకప్పుడు లక్షల డాలర్ల ఖరీదుతో స్టూడియోల్లో మాత్రమే కనిపించిన రంగులు దిద్దే యంత్రం ఇది. 2009లో ఆస్ట్రేలియా సంస్థ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొనుగోలు చేసి, 2011లో ఉచిత వెర్షన్ తెచ్చింది. సినిమా స్థాయి ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌ను 2014లో సొంతం చేసుకుని, 2018లో వచ్చిన 15వ వెర్షన్‌తో రిజాల్వ్‌లోనే కలిపేసింది. ఎడిటింగ్, ఎఫెక్ట్స్, రంగులు, శబ్దం అన్నీ ఒకేచోట దొరకడం దీని బలం. ఉచిత వెర్షన్‌లో 3840×2160 వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు వీడియో వాటర్‌మార్క్ లేకుండా బయటికొస్తుంది. గింజ తగ్గించే నాయిస్ రిడక్షన్, మనిషిని తానే గుర్తించి వేరుచేసే మ్యాజిక్ మాస్క్ లాంటివి డబ్బు కట్టిన స్టూడియో వెర్షన్‌కే పరిమితం. దాని అమెరికా ధర 295 డాలర్లు. రూపాయల్లో పాతిక వేలు దాటినా ఒక్కసారి కడితే చాలు. లైనక్స్ వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉచిత వెర్షన్ అక్కడ ఫోన్లలో మామూలుగా వచ్చే హెచ్.264 ఫైళ్లను తెరవదు, ముందే వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి.

ఫ్యూజన్‌లో పని పద్ధతి కొత్తవారిని తికమక పెడుతుంది. ఇందులో లేయర్లు ఒకదానిపై ఒకటి ఉండవు. నోడ్‌లనే చిన్న పెట్టెలను తీగలతో కలుపుకుంటూ పోవాలి. మొదటి వారం విసుగు పుట్టించే ఈ పద్ధతే ఎఫెక్ట్ చిక్కుబడేకొద్దీ తేలికవుతుంది. ఏ పని ఎక్కడ జరుగుతోందో కంటి ముందే కనిపిస్తుంది. నేర్చుకోవడానికి అభ్యాస ఫైళ్లతో సహా పుస్తకాలను కంపెనీ తన సైట్‌లో ఉచితంగానే ఉంచింది.

3డీ కావాలంటే బ్లెండర్. నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రూసెండాల్ 1994లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. దాన్ని నడిపిన కంపెనీ మూతపడ్డాక, 2002లో వాడకందార్లు ఏడు వారాల్లో లక్ష యూరోలు చందాలు పోగుచేసి దాన్ని విడిపించారు. అప్పటినుంచి అది ఓపెన్ సోర్స్. కెమెరా ట్రాకింగ్, కీయింగ్, పొగ, నీరు, మంట అన్నీ అందులోనే ఉన్నాయి. నిజమైన నటులనూ 3డీ దృశ్యాలనూ కలిపే తన సత్తా చూపడానికి బ్లెండర్ ఫౌండేషన్ 2012లో ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ అనే లఘుచిత్రాన్ని విడుదల చేసింది. లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ బ్లెండర్‌తో చేసిన ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచాక, ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే నాసిరకమన్న మాట ఎవరూ అనలేకపోతున్నారు. నేర్చుకోవడానికి నెలలు పడుతుందన్నది మాత్రం నిజం. ఒక్క షాట్ కోసం బ్లెండర్ మొదలుపెట్టడం కన్నా కథలో ఆ షాట్‌ను మార్చుకోవడమే మేలు.

చందా కట్టాల్సిన వాటిలో అందరికీ తెలిసింది ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993లో పుట్టి మరుసటేడాది అడోబీ చేతికి వచ్చింది. 2013 నుంచి కొత్త వెర్షన్లు చందాకే దొరుకుతున్నాయి. దీని బలం పక్కవాళ్లంతా అదే వాడటంలో ఉంది. టైటిళ్లకూ పెళ్లి వీడియోలకూ రెడీమేడ్ టెంప్లేట్లు దీనికి దొరికినన్ని వేరేవాటికి దొరకవు. స్టూడియోలో మోషన్ గ్రాఫిక్స్ ఉద్యోగం చేయాలనుకునేవారికి, పెళ్లిళ్ల ఆర్డర్లు తీసుకునేవారికి ఈ చందా గిట్టుబాటవుతుంది. ఇంటి వీడియోకు అవసరం పడదు. పెద్ద సినిమాల్లో వాడే న్యూక్‌కు నాన్ కమర్షియల్ వెర్షన్ ఉచితంగా ఉంది. 1920×1080 పరిమితితో నేర్చుకోవడానికి ఉపయోగపడుతుంది, సంపాదనకు వాడకూడదు. మ్యాక్ ఉన్నవారికి యాపిల్ మోషన్ మరో దారి. చందా లేకుండా ఒకేసారి కొనుక్కునే దాని అమెరికా ధర 49.99 డాలర్లు.

యంత్రం అసలు ఖర్చు

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా కంప్యూటర్ ఉచితం కాదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్‌లు 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తాయి. రిజాల్వ్‌కు 16 జీబీ, అందులో ఫ్యూజన్ వాడితే 32 జీబీ ఉండాలని తయారీ సంస్థే చెబుతోంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఫ్యూజన్ పని నత్తనడకే. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీసిన 4కే వీడియో నిమిషానికి 375 ఎంబీ తింటుంది. అరగంట ఫుటేజీ అంటే 11 జీబీ పైచిలుకు. కాబట్టి కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేనివారు ముందు పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, వీలైతే ర్యామ్ పెంచుకోవాలి.

ఖర్చు లేని మార్గాలూ ఉన్నాయి. ప్రాక్సీ అనే సదుపాయం అసలు వీడియోలకు చిన్న నకళ్లు తయారుచేసి ఎడిటింగ్ సాఫీగా నడిపిస్తుంది. చివర రెండర్ చేసేటప్పుడు అసలు ఫైళ్లనే తీసుకుంటుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చేస్తుంటాయి. దాంతో మాటకూ పెదవుల కదలికకూ పొంతన తప్పుతుంది. ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌తో స్థిరమైన ఫ్రేము వేగానికి ముందే మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

తెలుగు అక్షరం పరీక్ష

తెలుగు ఇళ్లకు మరో పరీక్ష తప్పనిసరి. ఎఫెక్ట్స్ అద్భుతంగా చేసే సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ టైపు చేయగానే ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జారిపోవచ్చు. డబ్బు కట్టేముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్ఞానం’, ‘సంక్రాంతి’ అని టైపు చేసి చూస్తే సంగతి తేలిపోతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోవాలి. ఎక్కడా కుదరకపోతే ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ తయారుచేసి, నేపథ్యం లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకుని వీడియో మీద పెట్టుకోవడం ఎప్పుడూ పనికొచ్చే ఉపాయం.

డీటీపీ కేంద్రాల్లో అలవాటైన అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో నడిచేవి కావు. అందువల్ల వాటిలో టైపు చేసిన మాటను వీడియో సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా తెస్తే పిచ్చిగీతలే మిగలొచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, గురజాడ, ధూర్జటి, పెద్దన, సురవరం, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. వాటి లైసెన్సు వ్యాపార అవసరాలకు కూడా చెల్లుతుంది.

క్రాక్‌లు, హక్కులు

ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసి, డబ్బు కట్టాల్సిన యాప్‌లను ‘మోడ్’ చేసి పంచేవారికి కొదవలేదు. చట్టం సంగతి అలా ఉంచినా, వీటితో పాటు వచ్చే మాల్‌వేర్ బ్రౌజర్‌లోని లాగిన్ సమాచారాన్ని దొంగిలించి యూట్యూబ్ ఛానల్‌నే లాక్కుపోగలదు. ఉచితంగా, న్యాయంగా ఇన్ని దొరుకుతుండగా ఈ ముప్పు కొనితెచ్చుకోనక్కర్లేదు.

ఎఫెక్ట్ క్లిప్పులకూ పాటలకూ హక్కులు ఉంటాయి. సినిమా పాట పెడితే యూట్యూబ్ దానంతటదే గుర్తుపట్టి, ప్రకటనల ఆదాయాన్ని హక్కుదారుకు మళ్లించవచ్చు లేదా వీడియోను ఆపేయవచ్చు. పెక్సెల్స్, పిక్సాబే లాంటి చోట్ల ఉచితంగా వాడుకోదగిన వీడియోలు దొరుకుతాయి. అయినా ప్రతిదాని షరతులూ చదవాలి. నిజమని భ్రమపడేలా మార్చిన దృశ్యాలు ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి తెలపాలని యూట్యూబ్ 2024 నుంచి నిబంధన పెట్టింది. చూడగానే కల్పన అని తెలిసిపోయే ఎఫెక్ట్స్‌కు అది వర్తించదు. గ్రీన్‌మ్యాట్ లేకుండానే నేపథ్యం తీసేసే ఏఐ సేవలు ఇప్పుడు ఎన్నో వచ్చాయి. వాటిలో చాలావాటికి ఇంటి వీడియోను బయటి సర్వర్‌కు పంపాల్సి ఉంటుంది. పిల్లలు, ఆడవాళ్లు ఉన్న వీడియోల విషయంలో ఇది ఆలోచించాల్సిన సంగతి. ఇంకొకరి ముఖాన్ని వారి అనుమతి లేకుండా వాడటం ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసినా తప్పే.

ఎవరికి ఏది?

సరదా రీల్స్‌కు ఫోన్ యాప్. పాత ల్యాప్‌టాప్‌తో షార్ట్ ఫిల్మ్‌కు షాట్‌కట్ లేదా కెడెన్‌లైవ్. గ్రీన్‌మ్యాట్, ట్రాకింగ్, రంగులు అన్నీ కావాలనుకునేవారికి, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్. 3డీ మీద ఆసక్తీ ఓపికా ఉన్నవారికి దానికి తోడుగా బ్లెండర్. ఎఫెక్ట్స్‌ను వృత్తిగా ఎంచుకునేవారికి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ చందా, న్యూక్ సాధన.

ఏది ఎంచుకున్నా నేర్చుకునే వరుస ఒకటే: మాయం చేయడం, ద్విపాత్ర, మంట, గ్రీన్‌మ్యాట్, ట్రాకింగ్, ఆఖరున 3డీ. కలిపిన ప్రతి దృశ్యంలోనూ నాలుగు చూసుకోవాలి. వెలుగు ఒకే వైపు నుంచి వస్తోందా, పాదాల కింద నీడ ఉందా, రెంటిలోనూ నలుపు ఒకే స్థాయిలో ఉందా, గింజా మసకా సరిపోలాయా? ఎఫెక్ట్ కృత్రిమంగా కనిపించిందంటే లోపం సాధారణంగా ఈ నాలుగింట్లోనే దొరుకుతుంది. వీటిని సరిదిద్దే మీటలు ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ ఉన్నాయి.

డబ్బు పెట్టేవారు గట్టి స్టాండ్, ఆకుపచ్చ గుడ్డ, రెండు లైట్లతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వంతు అన్నిటికన్నా చివర. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక నిమిషం వీడియోనైనా మొదటినుంచి చివరిదాకా పూర్తిచేసి, అది చేతులెత్తేసిన పని ఏదో తేల్చుకున్నాకే, ఆ ఒక్క పని కోసమే పర్సు తీయాలి.